తపాలా పాఠం నుండి సెల్‌ఫోను పాఠం వరకు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు విద్యానిధిని ఏ విధంగా ఖర్చు చేయాలన్న విషయం ఈ సభ ముందున్నది. పది పాసైన పిల్లలకు తలా ఒక ట్యాబ్ కొనిస్తే ఇంటి దగ్గర కూర్చొనే చదువుకుంటారు గదా అని కొందరు సభ్యులు సూచించారు. సదుద్దేశంతో చేసిన సూచనే అది. దాన్ని కాదనడానికో, ఔననడానికో ముందు, ఈ ఇంటి దగ్గరి చదువు అనేది ఎక్కడ పుట్టి, ఏయే దారుల్లో నడిచి మన చేతిలోని ఫోను దాకా వచ్చిందో నాలుగు మాటలు మనవి చేస్తాము. విన్న తరువాత నిర్ణయం మీది.

ముందుగా ఈ చదువు ఎవరికి కావాలో చూద్దాం. బడికి వెళ్లే పిల్లలకు బడి ఉన్నది. కాలేజీకి పోయే పిల్లలకు కాలేజీ ఉన్నది. ఈ రెండూ లేనివారు మనలో ఎంతమంది లేరు? తొమ్మిదో తరగతిలో మానేసి మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడున్నాడు. పదిలో లెక్కలు తప్పి, సిగ్గుపడి మళ్లీ పరీక్షకు కట్టని వాడున్నాడు. ఇంటర్ కాగానే పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లియై, కుట్టుమిషను దగ్గర కూర్చున్న ఆడబిడ్డ ఉన్నది. లారీ మీద తిరిగేవాడు, పండ్లబండి తోసేవాడు, మామిడి తోటలు గుత్తకు తీసుకొని వేసవంతా చెట్ల కింద కాపలా ఉండేవాడు - వీరందరూ తెలివితక్కువవారా? కాదు. వేళకు బడికి పోలేకపోయినవారు, అంతే. దూరవిద్య అనే మాట పుట్టింది ఇటువంటి వారికోసమే.

గురువు దగ్గరికి నడిచిన రోజులు

పూర్వం చదువుకు ఒక్కటే దారి. శిష్యుడు నడిచి గురువు దగ్గరికి పోవాలి. మన మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి కొండ ఉన్నది. క్రీస్తుకు పూర్వమే అక్కడ బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి గుహలు చేసుకొని నివసించారు. వారి దగ్గర ధర్మం నేర్వదలచినవాడు ఆ కొండ ఎక్కవలసిందే. మన పెద్దలైన హదీసు పండితులు కూడా ఒక్క మాట సరిచూసుకోవడానికి నెలల తరబడి ప్రయాణాలు చేసినవారే.

అయితే ఒక విశేషం మనవారిలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. గురువు నుండి హదీసును గ్రహించే పద్ధతులను ఆనాటి పండితులు వర్గీకరించినప్పుడు, గురువు రాసి పంపగా దూరాన ఉన్న శిష్యుడు అందుకొనే పద్ధతికి 'ముకాతబా' అని పేరుపెట్టి, దానికీ ఒక స్థానం ఇచ్చారు. ఉత్తరం ద్వారా చదువు అన్నమాట! అయితే గురువు నోటి నుండి స్వయంగా విన్నదానికే పైమెట్టు. రాసి పంపినదానిలో అది ఆ గురువు రాతేనన్న నమ్మకం శిష్యునికి కుదరాలి. ఈ రెండు షరతులనూ గుర్తుంచుకోండి. ఎదురుగా మనిషి ఉంటే చదువు గట్టిపడుతుంది. పంపినవాడు ఎవరో తేలితేనే దానికి విలువ. నేటి ఆన్‌లైను చదువుకు కూడా ఈ రెండే ప్రాణం.

తపాలా వచ్చిన తరువాత

ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పోయే ఏర్పాటు వచ్చింది. ఆ ఏడే ఐజాక్ పిట్‌మన్ అనే ఆయన తన షార్ట్‌హ్యాండును తపాలా ద్వారా నేర్పడం మొదలుపెట్టాడు. శిష్యులు అభ్యాసం రాసి పంపుతారు, దిద్ది తిరిగి పంపుతారు. మన పట్టణాల్లో టైపు, షార్ట్‌హ్యాండు ఇన్‌స్టిట్యూట్లలో గుమస్తా ఉద్యోగాల కోసం తరాల తరబడి నేర్చుకున్నది ఆయన లిపినే. పాఠం పంపడం కన్నా దిద్ది పంపడమే ఆ పద్ధతికి అసలు బలం.

మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తర ప్రత్యుత్తరాల ద్వారా డిగ్రీ చదువు ప్రారంభించింది. పదేళ్లకు, 1972లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో కరస్పాండెన్స్ కోర్సుల విభాగం తెరిచింది. "ప్రైవేటుగా డిగ్రీ కట్టాడు" అనే మాట మన ఊళ్లలో వాడుకలోకి వచ్చిన రోజులవి. పోస్టులో పాఠాల పుస్తకాలు వచ్చేవి. జవాబులు రాసి పంపాలి. సెలవుల్లో కొన్నాళ్లు కాంటాక్టు తరగతులకు పోవాలి. పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి లాంతరు దగ్గరో, వీధి దీపం కిందో చదివి, డిగ్రీ పుచ్చుకొని పై ఉద్యోగాలకు పోయిన గుమస్తాలు, బడిపంతుళ్లు ఎందరో. అదే సమయంలో, వచ్చిన కట్టలు విప్పకుండా అటకమీద పెట్టినవారూ ఎందరో. తపాలా బంట్రోతు ఇద్దరి ఇంటికీ ఒకే పుస్తకం ఇచ్చాడు. తేడా ఎక్కడ వచ్చింది? ఇదే ఈనాటి మా ప్రసంగానికి అసలు ప్రశ్న.

రేడియో చెప్పిన పాఠం

ఆ ప్రశ్నకు మొదటి జవాబు రేడియో ఇచ్చింది. 1956లో పూనా ప్రాంతంలో ఆకాశవాణివారు ఒక ప్రయోగం చేశారు. సుమారు 150 గ్రామాల్లో రైతులను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. వ్యవసాయ కార్యక్రమం రేడియోలో వస్తుంది. అందరూ కలిసి వింటారు. విన్న తరువాత రేడియో కట్టేసి, అది మన పొలానికి పనికొస్తుందా రాదా అని మాట్లాడుకుంటారు. అనుమానాలుంటే ఉత్తరం రాస్తారు. వాటికి తరువాతి కార్యక్రమంలో జవాబు వస్తుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఉన్నది. పోల్చి చూడడానికి రెండు రకాల ఊళ్లను తీసుకున్నారు. కొన్నింటిలో రేడియో ఉన్నది గాని బృందం లేదు. కొన్నింటిలో రేడియోనే లేదు. పాల్ న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త పరీక్షించి చూడగా, బృందాలున్న ఊళ్లలో రైతుల తెలివిడి బాగా పెరిగింది. ఉత్త రేడియో ఉన్న ఊళ్లలో పెరుగుదల చాలా స్వల్పం. పెట్టె ఒకటే, గొంతు ఒకటే, పాఠం ఒకటే. చుట్టూ నలుగురు కూర్చొని మాట్లాడుకున్న చోట పాఠం బుర్రకెక్కింది, లేనిచోట గాలికి పోయింది. ఆ ఫలితం చూసిన తరువాతనే 1959 నుండి గ్రామీణ శ్రోతల సంఘాలను దేశమంతటా వ్యాపింపజేశారు.

ఆకాశం నుండి దిగిన తెలుగు పాఠం

తరువాత టెలివిజను. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక సంవత్సరం, భారతదేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహాన్ని ఏడాదికి మనకిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాల్లో టీవీలు పెట్టారు. కోళ్ల గూళ్లకు వాడే తీగ వలతో చేసిన పెద్ద గొడుగులాంటి యాంటెన్నా నేరుగా ఆకాశం నుండి బొమ్మను పట్టేది. హిందీ, కన్నడ, ఒరియాలతోపాటు తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం మీద. అప్పటికి హైదరాబాదులో కూడా టీవీ కేంద్రం లేదు, అది 1977 అక్టోబరులో వచ్చింది. నగరం కన్నా ముందు పల్లె టీవీ చూసిందన్నమాట!

ఏడాది కాగానే ఒప్పందం ప్రకారం ఉపగ్రహం వెళ్లిపోయింది. పైనుండి వచ్చేది ఎంత గొప్పదైనా, ఇచ్చినవాడు తీసుకుపోతే మన దగ్గర ఏమి మిగులుతుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. నేర్చుకున్న మన శాస్త్రవేత్తలు మాత్రం మిగిలారు. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుండే, కేవలం విద్య కోసం తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం మన రాకెట్టు మీదనే ఎగిరింది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' ద్వారా కాలేజీలకు, బడులకు ఉపగ్రహ పాఠాలు వచ్చాయి. అవి అందిన చోట కూడా, తెర ముందు ఒక మాస్టారు నిలబడి "ఇప్పుడు ఏమి చెప్పారు?" అని అడిగినప్పుడే పిల్లలు గ్రహించగలరు. లేకపోతే అది మరొక సినిమా.

తలుపు తెరిచిన విశ్వవిద్యాలయం

దూరవిద్యకు మన తెలుగుదేశం చేసిన సేవ గొప్పది. గర్వంగా చెప్పుకోవాలి. బ్రిటనులో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, బి.బి.సి. ప్రసారాల తోడ్పాటుతో 1971లో పాఠాలు మొదలుపెట్టింది. దానిని చూసి, మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఢిల్లీలోనూ పుట్టలేదు, బొంబాయిలోనూ పుట్టలేదు. 1982 ఆగస్టులో మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టింది. దాని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో కేంద్రం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు, దానికీ మొదటి ఉపాధ్యక్షులుగా పిలిపించుకున్నది ఆయననే. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఆ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద పని ఏమిటంటే, ఇంటర్ సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్నది. చదువు మానేసి పదేళ్లయినవాడికి వెనక్కి వచ్చే దారి దొరికింది. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించారు. రేడియోలో, టీవీలో పాఠాలు చెప్పించారు. వీటన్నిటితోపాటు ఊరూరా ఉన్న కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో అధ్యాపకులను కూర్చోబెట్టారు. పుస్తకం, రేడియో, టీవీ ఎన్ని ఇచ్చినా, వచ్చి అడగడానికి ఒక గది, ఒక మనిషి కావాలని దూరవిద్య పెద్దలే గుర్తించారన్నమాట.

దీని తరువాత బడి చదువుకూ ఆ తలుపు తెరుచుకున్నది. జాతీయ స్థాయిలో 1989లో, మన రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూలు వచ్చింది. మనవాళ్లు 'ఓపెన్ టెన్త్', 'ఓపెన్ ఇంటర్' అంటారే, అవే. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసు కానక్కరలేదు. ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. షెడ్డులో పనిచేసే కుర్రాడికి, ఇంటి చాకిరితో సతమతమయ్యే ఆడబిడ్డకు ఇంతకన్నా తగిన ఏర్పాటు మరొకటి లేదు.

ఉర్దూ మాధ్యమం కోరేవారికోసం మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో హైదరాబాదులో వెలసింది. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి పేరు మీద పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ మొదటి నుండీ దూరవిద్యకు, స్త్రీ విద్యకు ప్రాధాన్యమిచ్చింది. మన పిల్లల్లో తెలుగు మీడియంవారే ఎక్కువ గనుక తెలుగు దారులూ, ఉర్దూ దారీ రెండూ తెలిసి ఉండటం మంచిది.

అరచేతిలోకి వచ్చిన తరగతి

ఇక కంప్యూటరు, ఇంటర్నెట్టు. 2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠాలను ఉచితంగా అందరికీ ఇంటర్నెట్టులో పెడతామని ప్రకటించింది. కొద్దికాలానికే మన ఐ.ఐ.టి.లు కలిసి ఎన్‌పిటెల్ పేరుతో ఇంజనీరింగ్ పాఠాలు పెట్టాయి. 2004లో అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే ఒక యువకుడు - సినిమా నటుడు కాదండోయ్, బెంగాలీ కుటుంబంవాడు - దూరాన ఉన్న చిన్నాన్న కూతురులాంటి చుట్టాల పిల్లకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, తరువాత ఆ పాఠాలను వీడియోలుగా పెట్టాడు. అదే ఖాన్ అకాడమీ అయింది. ఇంటి పిల్ల కోసం చెప్పిన లెక్క లోకమంతటికీ పనికొచ్చింది. మన దేశంలో 2017 జూలైలో 'స్వయం' వచ్చింది. పెద్ద పెద్ద విద్యాసంస్థల కోర్సులు అందులో ఉచితంగా చదవవచ్చు, సర్టిఫికెట్టు కావాలంటే పరీక్షకు రుసుము కట్టాలి. ఇంటర్నెట్టు లేని ఇళ్ల కోసం 'స్వయంప్రభ' టీవీ ఛానళ్లు కూడా అప్పుడే పెట్టారు. అంతకు ముందు ఏడాది, 2016లో, డేటా చవకయింది. బస్టాండులో పల్లీలు అమ్మే పిల్లవాడి చేతిలోనూ ఐ.ఐ.టి. పాఠం చూడగల ఫోను ఉన్నది.

మరి అందరూ చదువుకున్నారా? 2012లో ఎం.ఐ.టి.వారు ఎలక్ట్రానిక్స్ మీద ఒక కోర్సు లోకానికంతటికీ తెరిచారు. సుమారు 1,55,000 మంది పేర్లు ఇచ్చారు. చివరికి పాసైనవారు 7,157 మంది. నూటికి ఐదుగురు కూడా కారు. అందులో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవారు 340 మంది. వారిలో ఒకడు మంగోలియా దేశపు పదిహేనేళ్ల బడిపిల్లవాడు, బట్టుషిగ్. ఎక్కడి మంగోలియా, ఎక్కడి ఎం.ఐ.టి.! పత్రికలు అతని ప్రతిభను మెచ్చుకున్నాయి. ప్రతిభ నిజమే. కాని అతను ఒంటరిగా గదిలో కూర్చొని నేర్చుకోలేదు. ఎం.ఐ.టి.లో చదివి వచ్చిన ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఆ కోర్సును తన బడికి తెచ్చాడు. ఇరవైమంది పిల్లలను పోగుచేశాడు. చేత్తో చేసి చూసేందుకు సామాను, దగ్గరుండి చూపించేందుకు ఒక చదువుకున్న యువకుణ్ణి ఏర్పాటు చేశాడు. పాఠం అమెరికాది. గది, మనిషి, తోటి పిల్లలు మంగోలియావి. పూనా రైతుల సంగతే మళ్లీ 56 ఏళ్లకు అక్కడ రుజువయింది.

కరోనా నేర్పినది

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు దూరవిద్య ఒక్కసారిగా అందరి నెత్తిన పడింది. దూరదర్శన్ సప్తగిరి ఛానలులో పాఠాలు ప్రసారం చేశారు. ప్రైవేటు బళ్లు ఫోనులో తరగతులు నడిపాయి. అంతకు ముందు 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం దేశంలోని పల్లె ఇళ్లలో ఇంటర్నెట్టు సౌకర్యం ఉన్నవి నూటికి పదిహేను మాత్రమే. కంప్యూటరున్నవి నూటికి నాలుగైదు. ఇక ఆ రోజులు ఎలా గడిచాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట్లో ఒకటే ఫోను. అది తండ్రితో పనికి పోతుంది. రాత్రి తిరిగి వచ్చాక ముగ్గురు పిల్లలు దానికోసం కొట్లాట. అందులోనూ ముందు మగపిల్లవాడికి, మిగిలితే ఆడపిల్లకు. మెట్టలో తోటల మధ్య ఇళ్లకు సిగ్నలు ఉండదు. కొల్లేటి లంకల్లో తుఫాను వస్తే కరెంటే ఉండదు. ఒకప్పుడు ఆ లంకల పిల్లలకు నీళ్లు అడ్డం, తాటి దోనె ఎక్కితే గాని బయటి ఊరు అందేది కాదు. నేడు దోనె బదులు సిగ్నలు కావలసివచ్చింది.

ఆ రెండేళ్లలో ఎందరో పిల్లలు బడి వదిలి పనుల్లో చేరారు, ఎందరో ఆడపిల్లలకు తొందరపడి పెళ్లిళ్లు చేశారు. వారు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ అనే తలుపులు వారికోసమే తెరిచి ఉన్నాయి. ఎవరైనా వెళ్లి చేయిపట్టి తీసుకురావాలి.

ట్యాబుల సంగతికి వస్తే, అవి మన ఇళ్లకు పూర్తిగా కొత్తవి కావు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. తల్లిదండ్రులు గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పండి. పక్కన కూర్చొని అడిగే పెద్ద ఉన్న ఇంట్లో అది పుస్తకమయింది. లేని ఇంట్లో ఆటబొమ్మ అయింది. పాఠం చూస్తానని ఫోను తీసుకున్న పిల్లవాడు ఐదు నిమిషాలకు రీల్సు దగ్గర తేలుతాడు. పిల్లవాణ్ణి అని లాభం లేదు, పెద్దలమూ అంతే.

ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వచ్చింది. ప్రశ్న అడిగితే తెలుగులోనే జవాబు చెబుతుంది. విసుక్కోకుండా పదిసార్లు చెబుతుంది. మంచిదే, వాడుకోవలసిందే. అప్పుడప్పుడు తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది గనుక సరిచూసే కన్ను కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, "నిన్న ఎందుకు రాలేదు బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని వీధి చివర నుండి కేకేసి అడిగే మనిషి అది కాలేదు.

మోసపోకుండా ఉండాలంటే

కొన్ని జాగ్రత్తలు కూడా మనవి చేయాలి. మొదటిది, ఏ విశ్వవిద్యాలయం దూరవిద్యలో చేరినా, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యు.జి.సి. అనుమతి ఉన్నదో లేదో యు.జి.సి. దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవాలి. నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడు ఉండకపోవచ్చు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కేంద్రాలు, పరిధులు మారుతూ వచ్చాయి గనుక, మన జిల్లాలో పరీక్ష కేంద్రం ఉన్నదా అన్నది కూడా ముందే కనుక్కోవాలి. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైను డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. కాబట్టి "అది దొంగ డిగ్రీ" అని ఎవరన్నా చిన్నబుచ్చుకోనక్కరలేదు.

రెండవది, ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. ఇంట్లో కూర్చుంటే నర్సింగు డిగ్రీ ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. "పరీక్ష రాయనక్కరలేదు, మేము చూసుకుంటాం" అన్నవాడి గడప తొక్కవద్దు. పంపినవాడి రాత ఎవరిదో తేలాలన్న పాత షరతు ఇక్కడ పనికొస్తుంది.

మూడవది చిన్న విషయంలా కనబడుతుంది గాని మనవారిని బాగా ఇబ్బంది పెడుతున్నది. అదే పేరు. పది సర్టిఫికెట్టులో ఇంటిపేరు స్థానంలో ఎస్.కె. అని ఉంటుంది. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది. ఆ ఇంగ్లీషు అక్షరాలైనా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆడపిల్లల పేరు చివర ఒకచోట బేగం, ఒకచోట బీ, మరొకచోట ఏమీ ఉండదు. 2024 నుండి దూరవిద్య, ఆన్‌లైను డిగ్రీలో చేరేవారు యు.జి.సి. ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు కావాలి. అది ఆధార్ వివరాలతో ముడిపడి ఉంటుంది. పేరు కలవకపోతే అక్కడే బండి ఆగిపోతుంది. నెట్ సెంటరుకు నాలుగుసార్లు తిరిగి, విసిగి, "మన రాతలో చదువు లేదులే" అని ఊరుకునేవారు ఉంటారు. రాతలో లేకపోవడం కాదు, అక్షరాల తేడా! దిద్దించుకుంటే పోతుంది.

మా మనవి

ఇంతసేపు చెప్పినదాని సారాంశం ఇది. తపాలా, రేడియో, ఉపగ్రహం, టీవీ, కంప్యూటరు, ఫోను - ఒక్కొక్కటీ దూరాన్ని కొంత కొంత తగ్గిస్తూ వచ్చింది. ఇప్పుడు పాఠం మన గుమ్మం దాకా ఉచితంగా వచ్చి నిలబడ్డది. గుమ్మం నుండి పిల్లవాడి బుర్ర దాకా ఉన్న నాలుగడుగుల దూరాన్ని మాత్రం ఇంతవరకు ఏ యంత్రమూ తీర్చలేదు. ఆ నాలుగడుగులూ మనిషే నడవాలి. ఆ పని ప్రభుత్వమూ చేయలేదు, కంపెనీ చేయలేదు. ఊరి సంఘం చేయగలదు.

అందువల్ల విద్యా ఉపసంఘం సభకు చేసే మనవి: నిధి మొత్తం ట్యాబులకు పెట్టవద్దు. సంఘ భవనం మేడ మీద గది ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుంది. దానిని చదువు గది చేద్దాం. రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద తెర, మంచి ఇంటర్నెట్టు, కుర్చీలు, బల్లలు చాలు. మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు ఆడవారికి. చంటిబిడ్డలతో వచ్చినా అభ్యంతరం ఉండకూడదు. సాయంత్రం పనులు ముగిశాక ఏడు నుండి తొమ్మిది వరకు మగపిల్లలకు. మధ్యాహ్నం ఒక చదువుకున్న చెల్లెలిని, సాయంత్రం ఒక తమ్ముణ్ణి జీతమిచ్చి పెట్టుకుందాం. ఉచిత సేవ అంటే నాలుగు నెలలకు నీరుగారిపోతుంది, జీతమిస్తే అడిగే హక్కు మనకుంటుంది.

వారు చేయవలసిన పని పెద్ద పాండిత్యం కాదు. పాఠం ఫోనులో ఉన్నది. వారు హాజరు వేస్తారు. పాఠం ఆపి "ఏమర్థమైంది?" అని అడుగుతారు. దరఖాస్తులు నింపి, పేర్లు సరిచూసి, పరీక్ష తేదీలు గోడమీద రాస్తారు. రెండు రోజులు రాని వారి ఇంటికి వెళ్లి పలకరిస్తారు. పరీక్ష రుసుము కట్టలేనివారి జాబితా సంఘానికి ఇస్తారు. ట్యాబ్ నిజంగా అవసరమైన పిల్లలకు, అంటే ఇంటి నుండి కదలలేని వికలాంగులకు, దూరపు తోటల్లో ఉండేవారికి, గ్రంథాలయ పుస్తకంలాగా సంతకం పెట్టించుకొని ఇచ్చి, పరీక్షలయ్యాక తిరిగి తీసుకుందాం. ఒక్క ట్యాబ్ ముగ్గురికి పనికొస్తుంది.

ఈ సంవత్సరం ప్రతి సభ్యుడూ ఒక పని చేయాలని కోరుతున్నాము. మీ వీధిలో చదువు మధ్యలో ఆగిపోయిన వారొకరి పేరు రాసి ఇవ్వండి. ఏ తరగతిలో ఆగింది, ఎందుకు ఆగింది, ఇప్పుడేమి చేస్తున్నారు - ఇంతే. అబ్బాయిల పేర్లు ఎవరూ చెప్పకపోయినా తెలుస్తాయి. అమ్మాయిల పేర్లు ముఖ్యంగా రాయండి, ఎందుకంటే అడగకపోతే వాళ్లు అడగరు. వచ్చే వార్షిక సమావేశంలో ఎన్ని ట్యాబులు పంచామో కాక, ఎంతమంది ఓపెన్ టెన్త్ గట్టెక్కారో, ఎంతమంది డిగ్రీ మొదటి ఏడు దాటారో ఈ వేదిక మీద చదివి వినిపించాలని మా కోరిక.

ఈ మనవిపై సభ్యులు నిర్మొహమాటంగా మాట్లాడవలసిందిగా కోరుతున్నాము. ఇంతకన్నా మంచి మార్గం ఎవరైనా చూపితే సంతోషంగా స్వీకరిస్తాము.